నోట్లోంచి ఊడిపడ్డ మాట

పళ్ల డాక్టరమ్మ కుర్చీ వెనక్కి వంచి, లైటు కిందికి దించింది. కుర్చీలో పడుకున్నది ఆమె భర్త మొదటి భార్య కూతురు.

"ఇంకా తెరువు. నిన్న నన్ను తిట్టడానికి తెరిచినంత."

"ఆఁ..."

"అదీ! నొవర్కల్ అన్నావుగా నన్ను. డిక్షనరీలో చూశాను."

"ఆఁ ఆఁ..."

"నాలుక కదపకు, అద్దం ఉంది. సవతి తల్లి బుద్ధులున్నది అని అర్థమట. తిట్టినా ఇంగ్లీషులో తిట్టావు, సంతోషం."

"ఆఁ పిఁ..."

"నేనయ్యాక నువ్వు. లాటిన్లో నొవెర్కా అంటే సవతి తల్లి. కొత్త అనే అర్థమున్న నోవుస్‌లోంచి పుట్టిందట. అంటే కొత్తావిడ. నేనొచ్చి ఆరేళ్లయిందే! నా తర్వాతొచ్చిన ఫ్రిజ్ కూడా పాతదైపోయింది, మార్చేద్దాం అంటున్నారు మీ నాన్న. నేనింకా కొత్తేనా? ఉమ్మెయ్."

"పిన్నీ, నేను..."

"తెరువు. నొప్పెక్కడ? ఇదా? ఇదా? ఇంతకీ ఆ మాట ఎవరు నేర్పారు?"

"..."

"ఇప్పుడు మూసేశావేం? మత్తు కూడా ఇవ్వలేదు."

"ఎక్కడో విన్నా."

"ఎక్కడో అంటే?"

"ఎక్కడో... నాన్న ఫ్రెండ్స్ వచ్చినప్పుడు. మా ఆవిడ కాస్త నొవర్కల్ అన్నారు నాన్న. అందరూ నవ్వారు. నాకు అర్థం తెలీదు పిన్నీ, ఒట్టు! బాగుందని వాడేశా."

"తెలుసు."

"తెలుసా? మరి తెలిసీ నన్నెందుకు..."

"నిన్న నువ్వా మాట అనగానే ఆయన మొహం చూశాను. మత్తివ్వకుండా పన్ను పీకినట్టు పెట్టారు. సరేగానీ, నీ పళ్లన్నీ రాళ్లలా ఉన్నాయి. నొప్పేది?"

"లేదు."

"లేదా? మరి క్లాసు ఎగ్గొట్టి, పేషెంట్ల మధ్య అంతసేపు కూర్చున్నావెందుకే?"

"పొద్దున నువ్వు పెద్ద పెట్టె సర్దుతుంటే చూశా."

"ఓహో."

"ఓహో ఏంటి! వెళ్లిపోతున్నావా? నేనన్నదానికేనా? ఇంకెప్పుడూ అనను. నువ్వు చెప్పగానే ఫోను పక్కన పెట్టేస్తా. పిన్నీ, ఏదోటి చెప్పు!"

"ముందు ఆ ముక్కు తుడుచుకో, నా కుర్చీ పాడవుతుంది. ఆ పెట్టెలో సర్దినవి మీ నాన్న చొక్కాలే, పిచ్చిమొహమా."