బక్కెట్టు తన్నేసిందంట

మస్తానమ్మ మొగుడి ఇంగ్లీషుతో ఏగలేక ఏగలేక ఉందంట. ఆమె మొగుడు చెంచయ్యకి పొగాకు కంపెనీలో గుమాస్తా పని కావాలి, అందుకని బస్తీలో శౌరి మాస్టారి దగ్గర ఇంగ్లీషు నేర్చుకుంటన్నాడు. ఉత్త ఇంగ్లీషు కాదర్రా, పైకి ఒక మాట, లోపల ఇంకో అర్థం ఉంటది చూడండి, అట్టాంటియ్యి. వాటిని తెలుగులోకి తిప్పి ఇంట్లో వాడతాడు. వాన గట్టిగా పడితే కుక్కలూ పిల్లులూ పడతన్నయ్యంటాడు. కూర నచ్చకపోతే ఇది నా కప్పు టీ కాదంటాడు. ఈమేమో కూర తీసేసి టీ పెట్టిచ్చేది, ఆయన పడీపడీ నవ్వేవోడు. సరే, నవ్వితే నవ్వాడు అనుకో.

ఇంతలో ఏమైందంటే, మస్తానమ్మ తల్లి నాసరమ్మ పోయింది. పక్షవాతం వచ్చి ఏడాదిగా మంచానే ఉందా తల్లి. తినిపించటం, కడగటం, పక్క మార్చటం, అన్నీ కూతురే. పెద్దకర్మ నాడు చుట్టాలంతా విస్తళ్ల ముందు కూచున్నారు. పొగాకు కంపెనీ మేనేజరు కూడా పలకరింపుకొచ్చి, ఏవయ్యా చెంచయ్యా, ఎట్టా జరిగిందయ్యా అనడిగాడు. పని ఇచ్చేది ఆయనేగా, చెంచయ్యకి తన ఇంగ్లీషు చూపిచ్చాలని బుద్ధి పుట్టింది. "మా అత్త బక్కెట్టు తన్నేసిందండీ" అన్నాడు. అని ఊరుకున్నాడా, ఇకిలిచ్చాడంట!

పప్పు వడ్డిస్తన్న మస్తానమ్మ అట్టానే నిలబడిపోయింది. "ఏందీ? మా అమ్మ బక్కెట్టు తన్నిందా? ఏడాది పాటు కాలు కదపలేక నా చేతుల్లో పడుందే, ఎప్పుడు తన్నింది? ఎవురి బక్కెట్టు తన్నింది? చూపియ్యి!" అంది. అది కాదే, ఎవురన్నా చచ్చిపోతే ఇంగ్లీషోళ్లు అట్టా అంటారు, అని ఈయన నసిగాడు. "కన్నతల్లి పోయినా అట్టానే అంటారా?" అంది. ఆయనకేం తెలుసు? మాస్టారు అర్థం చెప్పాడు, ఎవురి గురించి అనకూడదో ఈయన అడిగితేగా! మేనేజరే తల దించుకోని, "అనరమ్మా, ఎగతాళికి అంటారు" అన్నాడు.

"ఎగతాళా? మంచాన పడకముందు, నీకు చలిజ్వరమొస్తే నీ నోట్లో గంజి పోసిందెవురు? ఆమెనా నువ్వు ఎగతాళి చేసేది? తెలుగులో చెప్పు. అందరి ముందరా చెప్పు. నువ్వు చెప్పిందాకా ఈ ఇంట్లో ఎవురి విస్తట్లోనూ మెతుకు పడదు" అంది. చెంచయ్య లేచాడు. "మా అత్త... మా అత్త చచ్చిపోయిందయ్యా" అని బోరుమన్నాడు. అప్పటిదాకా కంట్లో చుక్క రాలనోడు! మస్తానమ్మ కళ్లు తుడుచుకోని అందరికీ వడ్డించింది, ఆయనకి తప్ప.

కోపం తగ్గలేదా అంటారు మీరు. ఎందుకు తగ్గుద్దీ? నన్నడిగితే ఇంకో రెండు పూటలు మాడ్చాల్సింది.