గేటు మిషన్ ఒప్పుకున్న మనిషి

హలో… ఆ, నేనే మాట్లాడుతున్నా. చెప్పమ్మా.

గెంగ్ లియాంగ్‌ఫా భార్యనా?… ఆ… ఆ, భార్యనే. ఈ ఇంట్లో ఇంకెవరున్నారని?

ఆయన సంగతా! అడక్కు తల్లీ. వూసీకి పనికెళ్లి నాలుగు నెలలైంది, నాలుగు మాటలు మాట్లాడిన పాపాన పోలేదు. "తిన్నావా" అంటాడు. "తిన్నా" అంటే పెట్టేస్తాడు. తను మాత్రం పూటకి మూడు గిన్నెల నూడిల్స్ లాగిస్తాడు. ఇంటికొస్తే చాలు, మిరపకాయల జాడీ అడుగంటాల్సిందే. అంతా దున్నపోతు బలం. యాభై మూడేళ్లంటే ఎవరూ నమ్మరు…

ఎక్కణ్ణుంచన్నావు?… సైట్ ఆఫీసా. ఓహో. ఒక్క నిమిషం ఉండమ్మా, పొయ్యి మీద గంజి పొంగుతోంది.

…ఏమయ్యా లియాంగ్‌ఫా, ఆ దగ్గు ఆపు! ఫోను చేత్తో మూశాలే, వినపడదు. సైట్ ఆఫీసు పిల్ల. నువ్విక్కడ కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు నములుతూ లేవు, తెలిసిందా? వూసీలో బిల్డింగ్ పనిలో ఇనుప చువ్వలు కడుతున్నావు. నీ గుర్తింపు కార్డు మీద మా ఆయన, మీ అన్నయ్య, పనిచేస్తున్నాడని తెలిస్తే, సాయంత్రానికి పరుపుచుట్ట చంకన పెట్టుకుని రోడ్డు మీదుంటాడు. అరవై దాటితే గేటు దాటనివ్వరు… ఎందుకా నవ్వు? పిల్లనిచ్చేవాడు లేక ఇన్నాళ్లూ బ్రహ్మచారివి. ఇవాళ్టికి పెళ్లైంది, పెళ్లాన్ని నేనే. నోర్మూసుకో.

ఆ, చెప్పమ్మా… పుట్టింది ఏ జంతువు సంవత్సరంలోనా? ఎలుక… పులి ఎందుకవుతుంది? పులి మా బావగారు, ఈయన అన్నగారు. ఈయన ఎలుక. పదేళ్లు చిన్న…

బావగారా? ఆయనెక్కడున్నాడు, పోయాడు… మూడేళ్లైంది. బతికున్నప్పుడు మాత్రం ఉన్నట్టా ఏమిటి, చుట్ట, చదరంగం బల్ల. పోయాక ఇల్లు విశాలమైంది.

అరవై దాటినట్టున్నాడా? ఎవరన్నారు?… డాక్టరా! డాక్టరెందుకొచ్చాడు మధ్యలో?

…పడ్డాడా.

ఆహా. ఎన్నో అంతస్తు నుంచి?… మూడు. మరీ ఎక్కువ చెప్పలేదు, మంచిదానివి. ఉండు, గంజి మళ్లీ పొంగింది.

…లియాంగ్‌ఫా, పడ్డాడట! కూర్చో, కూర్చో, అబద్ధం. ఇది వాళ్ల పాత ఎత్తు. కిందటేడు మన ఊరి షీ ముసలాయన పెళ్లానికీ ఇదే పాట పాడారు. "మీ ఆయన పడిపోయాడు, ఆసుపత్రికి అసలు వివరాలు కావాలి" అన్నారు. అది లబోదిబోమని అరవై ఆరేళ్లూ అప్పజెప్పింది. అవతల ఆయన నిక్షేపంగా అన్నం తింటున్నాడు. చేతిలో గిన్నె ఉండగానే బయటికి పంపారు. నేను షీ పెళ్లాన్ని కాదు.

ఆ, ఉన్నానమ్మా… జబ్బులా? ఒక్కటీ లేదు. రాసుకో… మాత్రలా? జ్వరం మాత్ర మొహం కూడా ఎరగడు… రక్తం పలచబడే మాత్రా? అవి ముసలాళ్లకి కదా! గుండె కాదమ్మా అది, బండరాయి. "ఏమీ లేవు" అని రాసుకో… మళ్లీ అడుగుతావేం? మూడోసారి. "ఏమీ లేవు, భార్య చెప్పింది" అని రాసుకో.

నమ్మకం లేకపోతే మీ గేటు దగ్గర మొహం చూసే మిషన్‌ని అడుగు. రోజూ పొద్దున్నే అది ఒప్పుకుంటోంది. మిషన్‌కి లేని అనుమానం నీకెందుకు?

…ఏడుస్తున్నావా? బాగానే నేర్పారు. ఇంతకీ నీది పర్మనెంటేనా?… కాంట్రాక్టా. ఎన్నాళ్లు?… మూడు నెలలా! అయ్యో పాపం. నా మొగుణ్ణి పట్టిస్తే ఇంకో మూడు పొడిగిస్తామన్నారా?

ఏమిటి?… తల గొరిగితే కుదుళ్లన్నీ తెల్లగా ఉన్నాయా. ఉంటాయి, మా వాళ్లకి నెరుపు తొందర…

…తలెందుకు గొరిగారు?

అమ్మా?… హలో?… నీ గొంతు కాదే ఇది. ఎవరు?

చిన్ మేస్త్రీ! నువ్వెందుకున్నావక్కడ? పని మీద ఉండాలి కదా ఈ వేళకి?… ఆ, ఆ పిల్ల అడిగినవన్నీ పొల్లుపోకుండా చెప్పాను. నువ్వు నేర్పినట్టే. ఎలుక అని, యాభై మూడని…

నిజం చెప్పాలా? నువ్వా అంటున్నావు ఆ మాట? కార్డు మార్చమంది నువ్వు, జుట్టుకి రంగు డబ్బా పంపింది నువ్వు! ఆ పిల్ల పక్కనే ఉందా? వింటోందా?… నిజం బయటపడితే ముందు నిన్ను తీసేస్తారయ్యా. నీ కింద పాతికమందిని కూడా… తీసేస్తే తీసేయనీ అంటావా.

…మేస్త్రీ.

నువ్వెందుకయ్యా ఏడుస్తున్నావు?

షౌతియన్. రాసుకోమను. గెంగ్ షౌతియన్. అరవై మూడు. పులి. బావగారు పోయాడన్నానే, పోలేదు. ఆయనే ఈయన, నా మొగుడు. గుండెలో రెండు స్టెంట్లున్నాయి. నిరుడు చలికాలంలో వేశారు. రక్తం గడ్డకట్టకుండా మాత్ర… రోజూ. ఇవాళ కూడా వేసుకునే ఉంటాడు. మానడు, నామీద ఒట్టు వేయించుకున్నా. సైట్‌లో ఆయన మంచం కింద విటమిన్ల సీసా ఉంటుంది చూడు, అందులో ఉన్నవి విటమిన్లు కావు. తనిఖీవాళ్లు చూసినా తెలియకూడదని నేనే పోశాను, నేనే మూత బిగించాను. పరుగెత్తు మేస్త్రీ, కోత పెట్టకముందే…

…పెట్టేశారా.

ఎప్పుడు?… నేను ఏమీ లేవన్నాకే. దానికోసమే ఆగారా ఇంతసేపూ.

రక్తం ఆగడం లేదా.

చెప్పు, లోపలికెళ్లి చెప్పు. తలుపు కొట్టు, తన్ను. నాకు వివరంగా చెప్పకు, వాళ్లకి చెప్పు. వెళ్లు!… ఫోను ఆ పిల్లకివ్వు.

లియాంగ్‌ఫా, నా చెయ్యి వదులు. నిలబడగలను.

…అమ్మా. నేనే. ఏడవకు. నువ్వు సరిగ్గానే అడిగావు… లేదమ్మా, నీ మీదికి రానివ్వను. కాగితం నీ దగ్గరే ఉందా? "ఏమీ లేవు, భార్య చెప్పింది" అని ఉందా. కొట్టెయ్యకు. కొట్టేస్తే నువ్వే సరిగ్గా వినలేదంటారు. మూడు నెలలు కూడా ఉంచరు నిన్ను. అలాగే ఉంచి కింద రాయి…

రికార్డు చేస్తావా? చెయ్యి. పెద్దగానే చెబుతా. ఇక్కడ ఇంకెవరూ లేరు, ఆయన తమ్ముడున్నాడు. వాడూ వినాలి.

నేను తోంగ్ చున్‌యేని. గెంగ్ షౌతియన్ భార్యని. ఆయన వెళ్లనన్నాడు. మెట్లెక్కితే ఆయాసమొస్తోంది, ఇంటి దగ్గరే వెల్లుల్లి వేసుకుందామన్నాడు. ఆయనే వెళ్లాడని చెబుతారు ఊళ్లో, నమ్మకండి. నేను పంపాను. మీరు పడ్డాడంటే నవ్వాను. మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ అబద్ధం చెప్పాను.

తప్పు నాది.

…వచ్చిందా గొంతు? సరిగ్గా పడకపోతే చెప్పు, మళ్లీ చెబుతాను. తప్పు నాది.