పెన్సిలు దిద్దిన మడుగు

1959. గోల్‌మురి బజారులో ఫోటో స్టూడియో. ఫోటోలు తీసేది ఆమోసు, నెగిటివ్‌ల మీద పెన్సిలుతో మచ్చలు దిద్దేది అతని భార్య జయమణి. బ్లాకాఫీసుకెళ్ళిన ఆమోసు చిర్రుబుర్రులాడుతూ తిరిగొచ్చాడు.

"నుయ్యి తవ్వించడంట! ‘పానీ తో సాఫ్ హై’ అన్నాడు సాహెబు. నీళ్ళు శుభ్రంగానే ఉన్నాయంట!"

"ముందు కూకోండి. మజ్జిగ తెత్తాను."

"మజ్జిగేటి, మజ్జిగ! గమ్హరియా అవతల ఆ పల్లెకి సైకిలు తొక్కి తొక్కి కాళ్ళు పడిపోనాయి. మడుగు నిండా నాచు, నురగ, గేదెలు. పక్కనే ఆ ఊరి చిలకమ్మ పెద్దకూతురు అవే నీళ్ళు దోసిలితో తాగతన్నాది. అంతా తీసినాను. సాహెబు కవరిప్పితే ఏటున్నాది? అద్దంలాటి నీళ్ళు!"

"ఎండ పడిందేమో."

"ఎండా? నా మొకం సూసి సెప్పు."

"ఎండే... ఎండో, నీడో..."

"జయమణీ! పెళ్ళికూతురి మొకం దిద్దినట్టు మడుగుని దిద్దీసినావేటి?"

"మజ్జిగలో ఉప్పెయ్యనా?"

"దిద్దినావా, లేదా?"

"...దిద్దినాను."

"మతి పోయిందేటే నీకు? ఆ మురికి కనపడాలనే కదా తీసినాను! ఆ మురికి సూసే కదా సాహెబు సంతకం పెట్టాల!"

"అరవకండి. చిలకమ్మొచ్చి లోపల కూకుంది."

"ఉండనీ! ఆవిడా ఇనాల..."

"ఆ పిల్ల పోయిందండీ."

"ఏ పిల్ల?"

"ఫోటోలో పిల్లే. మొన్న ఆదోరం. ఒకటే వాంతులూ, ఇరేసనాలూ. నిన్న మీరు లేనప్పుడొచ్చింది తల్లి. ‘నా బంగారం కుళ్ళునీళ్ళు తాగతన్నట్టు ఎవుళ్ళూ సూడకూడదమ్మా’ అని నా కాళ్ళు పట్టుకుంది. మాటిచ్చినాను."

"అయ్యో... కెమెరా సూసి నవ్విందే ఆ పిల్ల! నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే తుడిసెయ్యమంటారని."

"అంటాను! టర్పెంటైను రాత్తే పెన్సిలంతా పోద్ది. అసలు నీళ్ళు బయటపడతాయి. తే ఆ సీసా!"

"తేను. మాటిచ్చినాను."

"మాటంటావేటే! నుయ్యి లేకపోతే ఆ పల్లె ఏటవ్వాల?"

"తల్లి కడుపు అదండీ. నానెలా కాదంటాను? మీరైతే..."

"తుడిసీయండి బాబూ."

"చిలకమ్మా! ఇన్నావా..."

"తుడిసీసి సాహెబుకి సూపించండి. నా సిన్నకూతురు ఈపాటికి బింది పట్టుకుని ఆ మడుగుకే ఎల్లుంటాది."