ప్రయోజనం గడిని ఖాళీగా వదిలిన లక్ష్మీనరసమ్మ గారు

1954 జూలై 12వ తేదీన శ్రీమతి లక్ష్మీనరసమ్మ గారు మార్కాపురం మహిళా సంఘంలో సంగీతం టీచరుగా చేరారు. తొమ్మిదేళ్ల సేవ అనంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న ఆ విద్వన్మణిని అభినందించే బాధ్యతను సంఘం కార్యదర్శినైన నాకు అప్పగించారు. అభినందన మనస్ఫూర్తిగానే చేస్తాను. అయితే ఇన్నేళ్లలో వారు నన్నెంత విసిగించారో దాచి రాయడం నా చేతకాదు.

తొలి మూడేళ్లు దుకాణాల ఇళ్ల నుంచీ, సేద్యపు ఇళ్ల నుంచీ వచ్చే ఇరవై మంది స్త్రీలకు ఓర్పుగా స్వరాలు నేర్పారు. 1957 నుంచి ప్రతి తరగతికీ నెలనెలా కర్నూలు కార్యాలయానికి నివేదిక పంపవలసి వచ్చింది. అందులో "ప్రయోజనం" అని ఒక గడి. కుట్టు తరగతి వారు ఎన్ని రవికెలు కుట్టిందీ రాసేవారు. సంగీతానికి ఏం రాయాలి?

"పరిశుభ్రత పెరిగిందని రాయండి పెద్దమ్మా, ఎవరు చూడొచ్చినారు?" అని బతిమాలేదాన్ని.

"పాడితే పరిశుభ్రత ఎట్ల పెరుగుతుంది పార్వతీ? స్నానం చేస్తే పెరుగుతుంది" అని గడిని ఖాళీగానే వదిలేవారు.

1960 ఫిబ్రవరిలో కర్నూలు నుంచి అధికారి తనిఖీకి వచ్చారు. సంగీతం ఎత్తివేసి ఆ గంటను కుట్టుకు ఇవ్వాలన్నది అప్పటికే సగం తేలిన విషయం. దాన్ని తప్పించాలని టీకాల మీద నేనొక పాట కట్టి అందరి చేతా వల్లె వేయించాను. అధికారి కూర్చోగానే టీచరు గారు శ్రుతిపెట్టె ముందుకు లాక్కొని, నా పాట ఊసెత్తకుండా, పావుగంట సేపు మోహన రాగం ఆలాపించారు. అందులో మాటే లేదు, ఇక టీకా ఎక్కడిది? నాకు తల కొట్టేసినట్టయింది.

"బాగుందమ్మా. దీనివల్ల లాభమేంది?" అన్నారాయన. టీచరు గారు శ్రుతిపెట్టె మూసి పక్కన పెట్టారు. వెనక వరుసలో నుంచి ఓబులమ్మ, నాలుగెకరాల సేద్యం ఒంటిచేత్తో చేసే మనిషి, లేచింది.

"పొద్దున లేసిన కాన్నుంచి లాభానికే చేస్తావుండాం నాయనా. ఈ ఒక్క గంటన్నా వదిలిపెట్టు."

తరగతి మిగిలింది, వారంలో ఒక్క మంగళవారానికి. టీచరు గారి ఉద్యోగం మాత్రం ఖాయం కాలేదు. అందుచేత నేడు పింఛనూ లేదు. తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వారికి మండదు.

ఆ మంగళవారం ఇక ఎవరు నడపాలో పైనుంచి ఉత్తరువు రాలేదు. టీచరు గారేమో గిద్దలూరులో తమ్ముడి ఇంటికి చేరుతున్నారు. రైలు ఛార్జీలు మేమే పెట్టుకొని వారానికొకసారి వారిని పిలిపించుకోవాలని ఇరవై మందిమీ తీర్మానించాం. మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగి, బస్సెక్కి, వచ్చి పాడి పోగలిగినంత ఓపికనూ, ఆరోగ్యాన్నీ, దీర్ఘాయుష్షునూ వారికి శ్రీ చెన్నకేశవస్వామి ప్రసాదించుగాక.