జోషా సమాధికి దారి

"మళ్ళీ చెప్తున్నాను, తెరేజ్ గారూ. కెమెరా సంచిలో పెట్టేయాలి. చేతిలో కాగితాలు కనిపించకూడదు. గేటు బయటే నిలబడాలి, రమ్మనేదాకా లోపల కాలు పెట్టకూడదు. ముందు వాన గురించి మాట్లాడాలి, తర్వాత బంగాళాదుంపల గురించి, ఆ తర్వాత మోకాళ్ళ నొప్పుల గురించి. ఏం పెట్టినా తినాలి. ఇల్లు, పొలం, వాటా, ఈ మూడు మాటలూ మీ నోట రాకూడదు."

"నేనొచ్చింది మా పెద్దమ్మ సమాధి కోసం కదా, వితోల్ద్ గారూ. ఇల్లెవరికి కావాలి?"

"ఆ సంగతి మీకు తెలుసు, నాకు తెలుసు. ఆ కిటికీ తెర వెనకున్న ఆవిడకి తెలీదు. వచ్చే మే నెలలో మా దేశం ఐరోపా కూటమిలో కలుస్తోంది, ఇక బయటివాళ్ళొచ్చి భూములన్నీ లాక్కుంటారని ఊరంతా ఒకటే గోల. మీ వ్యాను ఫ్రెంచి నంబరు చూసి అప్పుడే మూడిళ్ళలో తెరలు కదిలాయి."

"వ్యానులో వాళ్ళు ఆకలంటున్నారు. వాళ్ళ తాతల ఊళ్ళు చూసేశారుగా, మా ఊరి దగ్గరికొచ్చేసరికి అందరికీ పేగులు అరుస్తున్నాయి."

"మీ అమ్మగారు?"

"దీపం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్క సమాధి మీద వెలిగించాకే తింటానంటోంది. ఎనభై ఒకటి ఆమెకి. మళ్ళీ ఇంత దూరం రాలేకపోవచ్చు. ఆ దీపం వెలిగించకుండా ఆమెని ఫ్రాన్సుకి, మా లాన్స్‌కి ఎలా తీసుకెళ్ళను?"

"తీసుకెళ్ళాల్సి రావచ్చు."

"అంటే? పొద్దున చర్చిలో పుస్తకాలు చూసొచ్చినప్పట్నుంచి మీరు నా మొహం చూడటం లేదు. ఏం కనిపించింది?"

"ఏమీ కనిపించలేదు. అదే సంగతి. పదండి."

*

అది తార్నూవ్ పట్నం దగ్గర వోల్కా అనే పల్లె. రెండువేల మూడు, అక్టోబరు ఆఖరు. గేటు లోపల ఒక ముసలావిడ పార పట్టుకుని నిలబడి ఉంది.

"యేసుకు స్తోత్రం, అవ్వా!"

"యుగయుగాలకీ. అక్కడే ఆగు. కుక్క కరుస్తుంది."

"గొలుసు ఖాళీగా ఉందవ్వా."

"భోజనానికెళ్ళింది. వచ్చాక కరుస్తుంది. ఏం కావాలి?"

"ఈ ఏడు వానల్లేవు కదా, దుంపలెలా ఉన్నాయో అని..."

"నా దుంపల మీద నీకంత ప్రేమేంటి అబ్బాయ్? సర్వే ఆఫీసు నుంచొచ్చావా?"

"కాదవ్వా. తార్నూవ్‌లో గైడుని. ఫ్రాన్సు నుంచొచ్చిన మనవాళ్ళకి వాళ్ళ తాతల ఊళ్ళు చూపిస్తుంటాను."

"చూశారుగా. అటు చర్చి, ఇటు కొట్టు. అయిపోయింది ఊరు. పొండి."

"అమ్మా, నా పేరు తెరేజ్. మా తాత ష్చెపాన్ ద్రాబిక్. పందొమ్మిదొందల ఇరవయ్యారులో ఇక్కణ్ణుంచే ఫ్రాన్సు బొగ్గుగనులకి వెళ్ళాడు. ఇల్లు నంబరు ఇరవయ్యేడు."

"తెరేజ్ గారూ, ఏం చెప్పాను మీకు..."

"ఇది నలభై ఒకటి. ఇరవయ్యేడు కొట్టువాడిది. వాణ్ణడగండి."

"ఇప్పుడు నలభై ఒకటి అవ్వా. ఊళ్ళో నంబర్లు మార్చకముందు ఇరవయ్యేడు ఇదే. పాత పలక ఉన్నచోట గోడమీద మచ్చ ఇంకా ఉంది."

"గోడలు కూడా చదువుతావా నువ్వు? చూడబ్బాయ్, ఈ ఇల్లు నాది. కాగితాలున్నాయి. కాగితాల మీద ముద్రలున్నాయి."

"ఇల్లు మాకొద్దమ్మా!"

"వద్దన్నదానివి మొట్టమొదట ఇల్లు పేరే ఎత్తావు. అసలు నువ్వు ఫ్రెంచిదానివేనా? మా నాయనమ్మలా మాట్లాడుతున్నావేంటి? ఈ మాటలు ఇప్పుడు ఊళ్ళో ఎవరికీ రావు. ఎవరు నేర్పి పంపారు నిన్ను?"

"ఎవరూ పంపలేదు. మా అమ్మ దగ్గర వంటింట్లో నేర్చుకున్నాను. మీ పేరేంటమ్మా?"

"నా పేరుతో నీకేం పని?"

"ఊరికే. ఎవరితో మాట్లాడుతున్నానో తెలియాలి కదా."

"స్రోకా. స్రోకా వాళ్ళమ్మాయిని. సరేనా?"

"స్రోకా! వితోల్ద్ గారూ, విన్నారా? మాకు ఉత్తరం రాసింది స్రోకా మరియాన్నానే! మీ అమ్మేనా?"

"ఏ ఉత్తరం?"

"నలభై ఏడులో రాసింది. మా పెద్దమ్మ జోషా చనిపోయిందని. ఆమెని పాతిపెట్టింది మీ అమ్మే అయ్యుండాలి."

"అయ్యుండొచ్చు. ఆ రోజుల్లో ఎవరు ఎవర్ని పాతిపెట్టారో ఎవరికి గుర్తు."

"అయితే సమాధి ఎక్కడో మీకు తెలుసు!"

"చర్చి వెనక. ఎక్కడో. రాయి లేదు. గడ్డి."

"ఏ వరసలో?"

"గడ్డిలో వరసలేంటి?"

"చాలమ్మా, అంత చాలు. మా అమ్మని తీసుకొస్తాను. మీరొక్కసారి వచ్చి, ఇదిగో ఇక్కడ అని చెయ్యి చూపిస్తే చాలు."

"నాకు మోకాళ్ళ నొప్పులు."

"వ్యాను ఉందిగా!"

"వ్యాను ఎక్కితే నాకు తిప్పుతుంది."

"అవ్వా, ఒక్క మాట. పొద్దున నేను చర్చిలో చావుల పుస్తకం చూశాను. నలభై నాలుగు నుంచి యాభై దాకా, ఒక్కో పంక్తీ చూశాను. జోషా ద్రాబిక్ పేరు లేదు."

"పుస్తకాలు యుద్ధంలో కాలిపోయాయి."

"కాలలేదవ్వా. ఫాదర్ గారు నా ముందే బీరువా తీశారు."

"అయితే అప్పటి ఫాదర్ రాయడం మర్చిపోయాడు. తాగేవాడు."

"పెళ్ళిళ్ళు మాత్రం మర్చిపోలేదు. నలభై ఒకటిలో జోషా ద్రాబిక్‌కి యూజెఫ్ మికోస్‌తో పెళ్ళయిందని చక్కగా రాశాడు."

"అయితే ఏంటి?"

"మీ తపాలా పెట్టె మీద మికోస్ అనుంది."

"పాత పెట్టె. సంతలో కొన్నాను."

"పేరుతో సహానా?"

"చవగ్గా వచ్చింది."

"ఆగండాగండి. వితోల్ద్ గారూ, పెద్దమ్మకి పెళ్ళయిందా? నాకెందుకు చెప్పలేదు?"

"ఇంకా తేలందే చెప్పడం నా పద్ధతి కాదు."

"నాకు తేలిపోయింది. చావుల పుస్తకంలో పేరు లేదు. సమాధికి రాయి లేదు. వ్యాను ఎక్కితే ఈవిడకి తిప్పుతుంది. మా తాత ఇంట్లో స్రోకా వాళ్ళు కాపురముంటున్నారు. ఏమ్మా, ఏం చేశారు మీరు మా పెద్దమ్మని? ఆమె పోయిందని దూరదేశానికి ఒక ఉత్తరం ముక్క పడేసి, ఇల్లు కాజేశారా?"

"నోరు జాగ్రత్త, ఫ్రెంచి పిల్లా! కాజేసిందెవరు, వదిలేసి పోయిందెవరు?"

"వదిలేసి పోలేదు! మిస్లోవిత్సె స్టేషనులో గనులవాళ్ళ డాక్టరు అందరి కనురెప్పలూ తిప్పి చూశాడు. జోషాకి కళ్ళ జబ్బుందని ఆపేశాడు. ఆమెకి ఆరేళ్ళు, మా అమ్మకి నాలుగు. తాత ఏం చేయగలడు? జోషాని వాళ్ళ నాయనమ్మకి అప్పగించి మిగతావాళ్ళు రైలెక్కారు. పాపం, ప్లాట్‌ఫారం మీద గుక్కపెట్టి ఏడ్చిందట, ఆ ఏడుపు..."

"ఏడవలేదు."

"ఏంటి?"

"ఆ పిల్ల ఏడవలేదు. ఏడిస్తే కళ్ళు ఇంకా పాడైపోతాయి, అప్పుడు వచ్చే వసంతానికి కూడా రానివ్వరు అని వాళ్ళమ్మ చెప్పింది. అందుకని ఏడవలేదు. రైలు కనిపించినంతసేపూ కళ్ళు పెద్దవి చేసుకుని నిలబడింది."

"ఇదంతా మీకెవరు చెప్పారు?"

"ఎవరో. ఊళ్ళో అందరికీ తెలుసు."

"స్టేషనులో జరిగింది ఊళ్ళో అందరికీ ఎలా తెలుస్తుంది?"

"వసంతాలు వచ్చాయి, పోయాయి. పిలిపిస్తామన్నవాళ్ళు పిలిపించలేదు. అది కూడా ఊరందరికీ తెలుసు. ఆ ఉత్తరం ఉందా నీ దగ్గర?"

"ఉంది. ఇదిగో."

"ఇటివ్వు. వద్దు, వద్దు. కళ్ళజోడు లోపలుంది. నువ్వే చదువు."

"'గౌరవనీయులైన ద్రాబిక్ గారికి. మీ అమ్మాయి జోషా ఈ చలికాలం విషజ్వరంతో పోయింది. మీ ఇంటి కప్పు కాలిపోయింది. పొలంలో ఇంకా మందుపాతరలున్నాయి. తిరిగి రావాలనుకోవద్దు. ఇక్కడ...'"

"'ఇక్కడ మీకోసం ఎదురుచూసేవాళ్ళెవరూ మిగల్లేదు.'"

"అవును. అలాగే ఉంది."

"అవ్వా... తెరేజ్ గారు ఆ ముక్క ఇంకా చదవలేదు."

"నువ్వూరుకో అబ్బాయ్. నిన్నడగలేదు. నువ్వు చెప్పు పిల్లా. మీ తాత ఇది చదివి ఏం చేశాడు?"

"ఏం చేస్తాడు! ఆ ఏడు లాన్స్ నుంచి మనవాళ్ళు రైళ్ళకి రైళ్ళు తిరిగెళ్ళిపోయారు. తాత కూడా పెట్టెలు కట్టేశాడు. ఉత్తరం వచ్చిన రోజు అన్నీ విప్పేశాడు. మళ్ళీ ఈ ఊరి పేరెత్తలేదు."

"ఏమీ అనలేదా?"

"అనలేదు. కానీ నవంబరు వచ్చేసరికి చర్చికెళ్ళాడు. మీకు తెలుసుగా, పోయినవాళ్ళ పేర్లు చీటీ మీద రాసిస్తే ఫాదర్ చదువుతాడు, అందరూ ప్రార్థిస్తారు. లాన్స్‌లో మన చర్చిలోనూ అంతే. తాత తన చీటీలో జోషా పేరు రాశాడు. పోయేదాకా ఏటేటా రాశాడు. తర్వాత అమ్మ రాస్తోంది. యాభై ఆరేళ్ళయింది."

"యాభై ఆరేళ్ళా? నా పేరు?"

"పెద్దమ్మా?"

"అలా చూడకు. అవును, నేనే రాశాను. పక్కింటి మరియాన్నాకి సంతకం కూడా రాదు. పేరు తనది, రాత నాది."

"ఎందుకు పెద్దమ్మా?"

"ఎందుకా? ఇరవయ్యొక్కేళ్ళకి మా నాన్న దగ్గర్నుంచి నా పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం. 'వస్తున్నాం, కప్పు బాగుచేయించు, గదులు ఖాళీ చేసి ఉంచు.' నాకప్పటికి ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో. ఉన్నవే రెండు గదులు. ఎక్కడికి పోతాను? పోనీ, సర్దుకునేదాన్నే. నాలుగు పేజీలు రాశాడు. ఆవు ఈనిందా అని అడిగాడు. బావిలో నీళ్ళున్నాయా అని అడిగాడు. 'నీ కళ్ళెలా ఉన్నాయమ్మా' అని మాత్రం అడగలేదు. చివరిదాకా వెతికాను. రెండుసార్లు వెతికాను."

"అమ్మకి తెలిస్తే..."

"తెరేజ్ గారూ, అటు చూడండి. వ్యాను తలుపు తీశారు. మీ అమ్మగారు దిగుతున్నారు."

"ఎవరు? నాకంత దూరం ఆనదు. ఎవరు దిగారు?"

"అమ్మే. ఇటే వస్తోంది."

"స్తెఫా? స్తెఫానే? మరి నడవగలదా?"

"కర్రతో. మెల్లగా. నేను ముందెళ్ళి చెప్తాను పెద్దమ్మా, ఉన్నట్టుండి చూస్తే ఆమె గుండె..."

"నువ్వెళ్ళకు. నువ్వేం చెప్పకు. యాభై ఆరేళ్ళు ఏడిపించింది నేను, తిట్లు కూడా నన్నే తిననీ. అబ్బాయ్, ఈ గేటు లాగు, కిందపట్టేస్తుంది. గట్టిగా! ఇంతసేపూ గోడలు చదివావు, గేటు తియ్యలేవా?"

"వచ్చిందవ్వా. తెరుచుకుంది."

"పెద్దమ్మా, నా చెయ్యి పట్టుకోండి. ఈ నవంబరు చీటీలో మీ పేరు కొట్టేయిస్తాను. లాన్స్ వెళ్ళగానే ముందు ఆ పని చేస్తాను."

"వద్దు. కొట్టేయించకు. ఆ పేరు చదవనీ, ఏటేటా చదవనీ. నాకోసం కాదు, నేను ఇదిగో దుంపలు తవ్వుకుంటూ బతికే ఉన్నాను. ఏడవకుండా నిలబడిందే ఒక ఆరేళ్ళ పిల్ల, దాన్ని స్టేషనులో వాళ్ళొదిలేశారు, కాగితం మీద నేను చంపేశాను. మీరైనా గుర్తుపెట్టుకోండమ్మా దాన్ని."