గోడకుర్చీ, గుంజీలు

హలో… ఆ, నేనే, బాలశౌరి మాస్టార్ని. చెప్పు అఫ్జల్… కొంచెం మెల్లగా. పక్కగదిలో మీ తెరేసమ్మ ఆంటీ నిద్రపోతోంది… ఆ, పగలే. రాత్రిళ్ళు ఎలాగూ పట్టడం లేదు.

…లేదు, జ్వరం కాదు… జిమ్ముకి రాకపోతే కోపమేనా? ఇంట్లోనే చేస్తున్నా. నువ్వు ఆటోనగర్ నుంచి లారీ యాక్సిల్ రాడ్డు పంపావుగా, దాంతోనే.

…ఎత్తడం లేదు. భుజం మీద పెట్టుకుని నిలబడుతున్నా… అంతే. కదలకుండా… ఒక జపమాల చెప్పుకునేంత సేపు.

…నవ్వు, పర్లేదు.

…విన్నానయ్యా. కిందిదాకా దించాలి, పైదాకా లేపాలి, అప్పుడే కండ. నీ జిమ్ము గోడ మీద రాసే ఉంది. కానీ నేను లైబ్రరీలో పుస్తకం చూశా. బరువు కదలకుండా పట్టుకున్నా కండ పెరుగుతుందట… డాక్టరే రాశాడు… పెరిగింది కూడా. బడికేసుకెళ్ళే చొక్కా కుడి భుజం దగ్గర బిగుతయింది. ఎడమ పక్క మామూలే.

…ఒక్క భుజం చాలు. సిలువ మోసేది ఒక భుజం మీదేగా.

…ఎల్లుండే గుడ్ ఫ్రైడే. ఫాదర్‌గారు నిన్న కూడా అడిగారు, "పోనీ జాన్‌బాబుకి ఇద్దామా మాస్టారూ" అని. మా యేసుకుమార్ మోసిన సిలువ, ఈ ఏడు నేను మోస్తానన్నా… ఆ, అలాగే అన్నా. వాడు పోయాక ఇదే మొదటి సిలువ మార్గం. ఇంకొకరి భుజం మీద చూడాలని లేదు.

…అందుకే నిలబడటం వస్తే చాలనుకున్నా. పద్నాలుగు స్థలాలు. ప్రతి స్థలం దగ్గరా ఆగి, ప్రార్థన అయ్యేదాకా సిలువతో నిలబడాలి. నడిచేదానికంటే నిలబడేదే ఎక్కువ.

…గోడకుర్చీ లాంటిదే. బాగా చెప్పావు. గోడకి ఆనుకుని, లేని కుర్చీలో కూర్చోవడం… మీ ఇద్దరికీ వేయించింది నేనేగా. నువ్వు గోడకుర్చీలో కునుకు తీసేవాడివి. వాడు మాత్రం, "గుంజీలివ్వండి సార్" అనేవాడు. బళ్ళో నాన్నా అని పిలిచేవాడు కాదు. ఎన్ని గుంజీలైనా తీస్తాడు, కదలకుండా మాత్రం ఉండలేడు… అవును. నీ తొడలూ వాడి తొడలూ పక్కపక్కన చూసినవాడు గుంజీలకే మార్కులేస్తాడు. ఒప్పుకున్నా.

…రొప్పుతున్నానా? కొంచెం.

…మాట్లాడగలను. అఫ్జల్, ఒక సంగతి చెప్తా. విని అరవకూడదు.

నేను మోకాళ్ళ మీద ఉన్నా. యాక్సిల్ భుజం మీద ఉంది.

…ఫోన్ మోగకముందు నుంచే.

…అరవొద్దన్నానా!

…చెప్తా. నువ్వు రోడ్డు పక్కన సైకిలు పట్టుకుని చూసేవాడివిగా, మా వాడు మధ్యమధ్యలో సిలువతో మోకాళ్ళూనడం… అలిసిపోయి కాదయ్యా. నువ్వు అనవసరంగా ఏడిపించావు వాణ్ణి. మూడో స్థలంలో ప్రభువు కింద పడతాడు. ఏడులో మళ్ళీ, తొమ్మిదిలో మళ్ళీ. మోసేవాడు అక్కడ మోకాళ్ళూని, సిలువతోనే లేవాలి. మా గుడి పద్ధతి.

…తెలుసు, చిన్నప్పటినుంచీ తెలుసు. అయినా తట్టలేదు. నిలబడటమొక్కటే ధ్యాస. ఇవాళ గుర్తొచ్చి, ఒకసారి చూద్దామని వంగా… వంగడం బాగానే వంగా.

…అదే, లేవలేకపోతున్నా. ఏ పొజిషన్లో పట్టుకున్నానో బలం ఆ పొజిషన్‌కే వచ్చింది. మోకాలు వంగితే కొత్త మనిషినే… ఆ పుస్తకంలో ఇదీ రాసే ఉంటుంది. నేను అక్కడిదాకా చదవలేదు.

…దించితే గచ్చు మీద ఇనుము మోగుతుంది. ఆంటీ లేస్తుంది… కింద పరుద్దామంటే దుప్పటి అందదు.

…అది కాదు అఫ్జల్. దించాలని లేదు. వాడు ఎప్పుడూ దించలేదు.

…

…రావద్దు. నువ్వు అక్కణ్ణుంచి కంకిపాడులో మా ఇంటికొచ్చేసరికి నేను ఇలాగే గట్టిపడిపోతా. ఎలా లేవాలో చెప్పు… కుడి పాదం ముందుకి. ఆ… ఉండు… పెట్టా… వీపు వంచకూడదు, సరే… ఎడమ చెయ్యి తొడ మీద ఆనించి… ఆ చేతిలో నువ్వున్నావు.

…శుక్రవారమా? పక్కన నడుస్తావా?… నడువు, ఎవరేమంటారు. సిలువ మీద చెయ్యి మాత్రం వెయ్యకు… ఆ మూడు చోట్లా కొంచెం దగ్గరగా ఉండు. చాలు.

…సరే. ఫోన్ గచ్చు మీద పెడుతున్నా. నువ్వు కట్ చెయ్యకు. ఇనుము చప్పుడు వినిపిస్తే జాన్‌బాబుకి కబురు చెయ్యి, సిలువ తనే మొయ్యాలని.

…ఏమీ వినిపించకపోతేనా? లేచానని.

…ఆ. పెడుతున్నా.