మనుషుల్లో మొదటిది

అది నా భార్య ఆఖరి ఏడాది. క్యాన్సర్‌కి కొత్త యాంటీబాడీ మందును మనుషులకు తొలిసారి ఎక్కించి చూస్తున్న గదిలో ఆమె మంచం మీద ఉంది.

"నీకు పిసరంత ఇచ్చి, తర్వాత వచ్చేవాళ్లకి మూడింతలిస్తారట. తెలుసా?"

"డాక్టరమ్మ ముందే చెప్పింది."

"తెలిసీ ఒప్పుకున్నావా? ఆ పిసరుతో నీ జబ్బు తగ్గదే!"

"తగ్గకపోవచ్చు. నా ఒంటికి పడిందని తేలితేనే కదా, వాళ్లకి పెంచేది?"

"అంటే వాళ్ల కోసం నువ్వు ఎలకవయ్యావన్నమాట."

"ఎలకలకి ఎప్పుడో ఇచ్చేశారు లెండి. మనుషుల్లో నేనే మొదటిదాన్ని. మీ వంశంలో ఎవరైనా, ఎందులోనైనా మొదట వచ్చారా?"

నేను ఆమె కాళ్ల మీద దుప్పటి సర్దాను.

"సూది తీశాక నన్ను బయట కూర్చున్నావిడ దగ్గరికి తీసుకెళ్లండి. తర్వాత ఆవిడ వంతు. వణికిపోతోంది పాపం."

"వెళ్లి ఏం చెబుతావు?"

"ముందు నాకే ఎక్కించారమ్మా, నన్నేం చెయ్యలేదు, ధైర్యంగా రా అని."